170 పౌండ్ల గది కన్నా గాలి వీచే గట్టు మేలు

స్కాట్లాండ్‌లో టెంటు వేయడానికి చోటు వెతుకుతున్నారా? ఫోటోలు పక్కన పెట్టి గాలి సంగతి చూడండి. ఈ ముక్క నాకెవరైనా ముందే చెప్పి ఉంటే 170 పౌండ్లు, ఒక రాత్రి నిద్ర, మా బావమరిది దగ్గర నాకున్న కాస్త పరువు మిగిలేవి.

మేం ముగ్గురం: నేను, మా ఆవిడ, వాళ్ల తమ్ముడు. జూలై మధ్యలో గ్లాస్గో నుంచి కారులో బయలుదేరాం. చోటు ఎంపిక నాది. లాక్ లోమండ్ (లాక్ అంటే సరస్సు) వద్దనుకున్నాను, ఎందుకంటే అక్కడ సరస్సుల ఒడ్డున చాలా చోట్ల మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా పర్మిట్ ఉంటే గానీ టెంటు వేయనివ్వరు. మిగతా స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణల చట్టం మన వైపే ఉంది. పొలాలూ ఇళ్లూ లేని బయలు నేల మీద కొద్దిమంది చిన్న టెంటు వేసుకుని రెండు మూడు రాత్రులు ఉండొచ్చు, దీన్నే వైల్డ్ క్యాంపింగ్ అంటారు. ఆ హక్కు మోటారు బండికి లేదు. "కారులో పడుకుంటే కూడా వైల్డ్ క్యాంపింగే కదా బావా" అని మావాడు అడిగితే చట్టం గురించి అరగంట క్లాసు పీకాను.

నేను ఎంచుకున్నది గ్లెన్ ఎటివ్ అనే లోయ. ఫోటోలో నది, పచ్చిక, వెనక నిటారుగా కొండలు. పన్నెండు మైళ్ల ఒంటి వరస రోడ్డు. వెళ్లాక చూస్తే బండి ఆపగలిగిన ప్రతి జాగాలో ఒక టెంటు, కాలిన గడ్డి మచ్చ, బీరు డబ్బాలు. పొదల వెనక టాయిలెట్ పేపర్లు కూడా. మనిషికి ఒక చిన్న పార, 30 మీటర్లు నడిచే ఓపిక ఉంటే చాలదా? కారు డిక్కీ నుంచి మోసుకెళ్లగల చోటు మారుమూల ఎలా అవుతుందో నాకు ముందే తట్టాల్సింది.

నది పక్కన పల్లంలో టెంటు వేశాం. ఎనిమిదిన్నరకు గాలి పడిపోయింది. ఇక మిడ్జ్‌లు లేచాయి. చూడ్డానికి మన నుసుముల్లా ఉంటాయి, కానీ కరుస్తాయి. మన ఊపిరిని పసిగట్టి వస్తాయి. తేమ, నీడ, గాలి లేని సాయంత్రం వాటికి పండగ. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా మూత తీస్తే రెండు నిమిషాల్లో పైన మిరియాల పొడి చల్లినట్టయింది. మా ఆవిడ మూత పెట్టేసి నా వైపు చూసింది. ఏమీ అనలేదు, అదే భయం. తలకు వేసుకునే వలలు ఒక్కోటి 7 పౌండ్లంటే దండగని కొననిది నేనే. పదకొండింటికి ముగ్గురం కారులో దూరి అద్దాలు బిగించుకున్నాం. చట్టం ఊసు ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పగలు బాగానే గడిచింది. రాత్రికి మంచం కావాల్సిందేనని మా ఆవిడ తేల్చేసింది. దొరికిన బస పేరు చెప్పను. గదికి 145, మావాడి మడత మంచానికి 25, మొత్తం 170 పౌండ్లు. బుక్ చేసినప్పుడు బ్రేక్‌ఫాస్ట్ కలిపే అని ఉంది. కౌంటర్లో ఆయన "ఆ రేటు వేరు" అన్నాడు. ఫోన్లో చూపిస్తే కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు, చదవనక్కర్లేదన్నట్టు. తడి బట్టలు ఆరేసే గది ఉందన్నారు, నిజంగానే ఉంది, కానీ తొమ్మిదికి తాళం వేస్తారట. మేం వెళ్లింది తొమ్మిదీ ఇరవైకి. టెంటు గదిలో పరిస్తే అదనపు చార్జీ అని బోర్డు. ఇక మడత మంచం ఒక కాలు వంకర, మావాడు అర్ధరాత్రి ధడేలున కిందపడ్డాడు. పొద్దున "గ్లెన్ ఎటివ్‌లో నేలయినా చదునుగా ఉంది బావా" అన్నాడు.

ఆ రోజు ఫోటోలు మానేసి, కొండల్లో నడిచేవాళ్లు వాడే వివరమైన 1:25,000 మ్యాప్ పరిచాను. బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీలో కారు వదిలి రైల్లో కొరూర్‌లో దిగాం. ముగ్గురి టికెట్లూ ఆ గది అద్దెలో సగం కూడా కాలేదు. 408 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్, బ్రిటన్ మెయిన్‌లైన్‌లో అన్నిటికన్నా ఎత్తైనది, పబ్లిక్ రోడ్డు లేదు. రైలు కూత దూరమయ్యాక మా ఆవిడ మొదటిసారి నవ్వింది.

లాక్ ఒస్సియన్ ఒడ్డు మైలు దూరమే, అందంగా పిలుస్తుంది. ఆగలేదు. చుట్టూ రాణక్ మూర్ అనే బీడు, పీట్ నేల (కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి నేల), కాలు పెడితే దిగబడుతుంది. మ్యాప్‌లో నీలం గడ్డి దుబ్బు గుర్తున్న చోటల్లా బురదే. నీళ్లు కింద వాగులోనే పట్టుకుని (పైన దొరకవు, తాగే ముందు మరిగించాలి) బీన్ నా లాప్ అనే కొండ పడమటి భుజం ఎక్కాం. అక్కడ ఎత్తు గీతలు దూరం దూరంగా ఉన్నాయి, అంటే చదును. మోకాలెత్తు పొదలు లేవు, కాబట్టి పేలలాంటి టిక్కుల గొడవ తక్కువ. ముఖ్యంగా గాలి. గంటకు ఏడెనిమిది మైళ్ల వేగం దాటితే మిడ్జ్‌లు ఎగరలేవు. అక్కడ అంతకు రెట్టింపు ఉంది. టెంటు రాత్రంతా టపటపలాడింది, మేకులు రెండుసార్లు బిగించాను, సరిగ్గా నిద్రపట్టింది మావాడికొక్కడికే. అయినా పదిన్నర దాకా వెలుతురులో బయట కూర్చుని వేడి నూడుల్స్ తిన్నాం, ఒక్క పురుగు పడకుండా.

బ్రేక్‌ఫాస్ట్ డబ్బుల కోసం ఆ బసకు రెండు మెయిళ్లు పెట్టాను. జవాబు లేదు. మడత మంచం సంగతి మూడో మెయిల్లో రాయమని మావాడు రోజూ గుర్తుచేస్తున్నాడు.