టోక్యోలో అమ్మానాన్నలకి కార్ టూర్ బుక్ చేసేవాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి

ఈ వారంలో ఎవరైనా ఆ కార్ టూర్ బుక్ చేసి ఉంటే దయచేసి మిగతా డబ్బు కట్టకండి. ఏ టూరో పేరు రాయట్లేదు కానీ టోక్యోలో మన ఇండియన్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పేరెంట్స్ కోసం ప్రత్యేకం, హిందీ మాట్లాడే గైడు, ఇంటి దగ్గరే పికప్, వెజ్ భోజనం, టికెట్లు టోల్ పార్కింగ్ అన్నీ కలిపే అని రోజూ ఫార్వర్డ్ అవుతూ ఉంటుంది చూడండి, అదే. మా తమ్ముడు వాళ్ళు టోక్యోలోనే నిషికసాయి అనే చోట ఉంటారు, అమ్మానాన్నల్ని తీసుకుని నేను వచ్చాను, వాడికి ఆఫీసు, మరదలికి చంటిపిల్ల, అందుకని మా ముగ్గురికీ నిన్న శుక్రవారానికి బుక్ చేశాం. మొత్తం 54 వేల యెన్లు, సగం ముందే ట్రాన్స్‌ఫర్, మిగతా సగం కారు ఎక్కగానే చేతికి.

పొద్దున గంట లేటు. సరే ట్రాఫిక్కేమో అనుకున్నాం. మొదట మెయిజీ జింగూ గుడి. మా నాన్న ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైర్ అయ్యారు, ఆ గుడి చుట్టూ ఉన్న అడవి దానంతటది పెరిగింది కాదని, వందేళ్ళ కిందట దేశం నలుమూలల నుంచి జనం పంపిన సుమారు లక్ష చెట్లతో నాటి పెంచిందని తమ్ముడు చెప్పినప్పటి నుంచి ఆయనకి అదొక్కటే ధ్యాస. అక్కడ కంకర దారి, లోపలికి చాలా నడవాలి, నాన్నకి మోకాళ్ళ నొప్పులు, చేతికర్రతో మెల్లగా నడుస్తారు. ఇవన్నీ బుకింగ్ అప్పుడే మెసేజ్‌లో రాశాను. ఈ గైడు కారు దిగనే లేదు, ఇరవై నిమిషాల్లో వచ్చేయండి అన్నాడు. సాకే పీపాలు పేర్చి ఉంటాయే, అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాం, గుడి చూడనే లేదు.

తర్వాత ఇంపీరియల్ ప్యాలెస్ ఈస్ట్ గార్డెన్స్. గేటు మూసి ఉంది. సోమ, శుక్రవారాలు ఆ తోటకి సెలవు. రోజూ అదే పని చేసేవాడికి ఇది తెలీదంటే నేను నమ్మను, శుక్రవారం బుకింగ్ తీసుకుని మరీ లిస్టులో పెట్టాడు. ఇంకో సంగతి, బిల్లులో ఎంట్రన్స్ ఫీజు అని మనిషికి 2,500 యెన్లు వేశారు, దేనికి అని చూస్తే మెయిజీ జింగూ, ఈస్ట్ గార్డెన్స్, అసాకుసాలోని సెన్సోజీ గుడి. ఈ మూడింట్లోకి వెళ్ళడానికి ఎవరూ పైసా కట్టక్కర్లేదు! ఫ్రీగా చూసేవాటికి ముసలివాళ్ళ దగ్గర టికెట్ డబ్బు వసూలు చేస్తున్నారు.

మధ్యలో ఒక డ్యూటీ ఫ్రీ షాపులో గంట కూర్చోబెట్టాడు, అది లిస్టులోనే లేదు. భోజనానికి అసాకుసాలో ఒక ఉడాన్ కొట్టుకి, అంటే పులుసులో వేసిచ్చే లావు నూడుల్స్ కొట్టుకి, తీసుకెళ్ళి ప్యూర్ వెజ్ అన్నాడు. అమ్మ రెండు గుక్కలు తాగాక అనుమానం వచ్చి నేను తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు అక్కా ఆపేయమను, ఆ పులుసు మామూలుగా చేప తురుముతోనే చేస్తారు, విడిగా అడిగితే తప్ప అన్నాడు. కొట్టువాళ్ళని అడిగితే అవును చేపే అన్నారు. ఈ వయసు దాకా చేప ముట్టని మనిషి మా అమ్మ. బయటికొచ్చి నోరు కడుక్కుని మళ్ళీ ఏమీ తినలేదు. ఆ గైడుని అడిగితే కనిపించే ముక్కలు లేవు కదా అంటాడు.

ఇంతవరకూ జరిగింది వేరే, అసలు జరిగింది ఇప్పుడు చెప్తాను. సెన్సోజీ ముందుండే కామినరిమోన్ గేటు దగ్గర కారు ఆపి, స్కైట్రీ టవర్‌కి వెళ్ళాలంటే ఇంకో 12 వేల యెన్లు ఇవ్వండి, హైవే టోల్, పార్కింగ్ అన్నాడు. అన్నీ కలిపే అని మీరు రాసిన మెసేజ్ ఇదిగో అని చూపించాను, రసీదు చూపించమన్నాను. రసీదు లేదు, ఆఫీసుకి ఫోన్ చేసుకోండి అన్నాడు. ఆ నంబర్‌కి చేస్తే కట్ చేశారు. అమ్మ వెనక సీట్లోంచి ఇచ్చేయవే, పరాయి దేశంలో గొడవెందుకు అంటోంది, నేను ఇవ్వనన్నాను. అప్పుడు కారు దిగాడు. డిక్కీ తీసి మా బ్యాగు, నాన్న చేతికర్ర ఫుట్‌పాత్ మీద పడేశాడు. చేతికి ఇవ్వలేదు, పడేశాడు. నాన్న వైపు డోర్ తీసి "అంకుల్ దిగండి, డబ్బు లేనివాళ్ళు జపాన్ దాకా ఎందుకొస్తారు" అన్నాడు. హిందీలోనే అన్నాడు, నాన్నకి ప్రతి మాటా అర్థమయ్యేలా. మన దేశపు మనిషి, మన వయసు పిల్లాడు, వాళ్ళ నాన్న వయసున్న పెద్దాయన్ని నడిరోడ్డు మీద నిలబెట్టి ఆ మాట అన్నాడు. నాన్నకి కర్ర లేకుండా దిగడం రాదు. డోర్ పట్టుకుని దిగుతుంటే ఎదురుగా నిలబడి వాచీ చూసుకున్నాడు. ఎవరో జపనీస్ ఆవిడ దారిన పోతూ ఆ కర్ర తీసి నాన్న చేతికి ఇచ్చింది. కారు వెళ్ళిపోయింది. డబ్బు పోతే పోయింది, నాన్న రాత్రి కూడా ఎవరితో మాట్లాడలేదు, అది నేను మర్చిపోలేను, వదిలిపెట్టను కూడా.

కామినరిమోన్‌కి సరిగ్గా ఎదురుగా అసాకుసా టూరిస్ట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉంది, అక్కడికి వెళ్ళి కూర్చున్నాం. కౌంటర్‌లో అమ్మాయి ఇంగ్లిష్‌లో చక్కగా మాట్లాడింది, కారు ఫోటో ఉందా అని అడిగి చూడగానే ఇది తెల్ల ప్లేట్ అండీ అంది. అప్పుడు తెలిసింది నాకు. జపాన్‌లో డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పే టాక్సీ గానీ డ్రైవర్‌తో వచ్చే అద్దె కారు గానీ మామూలుగా ఆకుపచ్చ ప్లేట్ మీద తెల్ల అంకెలతో ఉండాలి, డ్రైవర్‌కి దానికి వేరే లైసెన్స్ ఉండాలి. తెల్ల ప్లేట్ అంటే సొంత కారు. అనుమతి లేకుండా సొంత కారుతో ఇలా డబ్బుకి తిప్పడాన్ని ఇక్కడ షిరోటాకు అంటారు, చట్టవిరుద్ధం. గైడుకి మాత్రం 2018 నుంచి లైసెన్స్ అక్కర్లేదట, అందుకే ఎవడు పడితే వాడు గైడునంటున్నాడు, కానీ కారు సంగతి అలా కాదు. యాక్సిడెంట్ జరిగి ఉంటే మా అమ్మానాన్నల ఇన్సూరెన్స్ మాట ఎవరు వినేవాళ్ళు చెప్పండి.

ఆ సెంటర్ ఎనిమిదో అంతస్తులో టెర్రస్ ఉంది, ఉచితం, లిఫ్ట్ ఉంది. సెన్సోజీ, నకామిసె వీధి, నది అవతల 634 మీటర్ల స్కైట్రీ అన్నీ అక్కణ్ణుంచే కనిపించాయి. ఇంటికి మెట్రో గింజా లైన్‌లో నిహోంబాషి, అక్కడ తోజాయ్ లైన్ మారితే నిషికసాయి. స్టేషన్‌లో నాన్న కర్ర చూసి ఒక ఉద్యోగి లిఫ్ట్ దాకా తనే తీసుకెళ్ళాడు. ఒక్క యెన్ ఎక్కువ అడగలేదు.

తమ్ముడు రాత్రి రీఫండ్ అడిగితే బ్లాక్ చేశారు. గ్రూపులో రాస్తే అడ్మిన్ డిలీట్ చేశాడు, మరి వాళ్ళకీ వీళ్ళకీ ఏం సంబంధమో. సోమవారం తమ్ముడు పోలీసుల దగ్గరికి వెళ్తున్నాడు, కారు నంబర్, మెసేజ్‌లు, ట్రాన్స్‌ఫర్ వివరాలు అన్నీ దాచాం.

బుక్ చేసే ముందు ప్లేట్ ఫోటో అడగండి, పంపకపోతే వదిలేయండి. డబ్బు మొత్తం ముందు ఇవ్వకండి. టూరిస్టులకి ఇక్కడ 24 గంటలూ ఇంగ్లిష్‌లో పలికే జపాన్ విజిటర్ హాట్‌లైన్ ఉంది, నంబర్ 050-3816-2787, పెద్దవాళ్ళ ఫోన్లలో సేవ్ చేసి పెట్టండి. ఇదే మనుషుల చేతిలో మోసపోయినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, సోమవారం లోపు అయితే తమ్ముడు మీ వివరాలు కూడా కలిపి ఇస్తాడు.