ఎంఎం 540లో డీఐ ఇంజన్: నాలుగేళ్ల తర్వాత వైబ్రేషన్ సంగతి

మా మహీంద్రా ఎంఎం 540 జీపులో పాత 2112 సీసీ ఇంజన్ తీసేసి 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్ వేయించి నాలుగేళ్లు దాటింది. ఈ నాలుగేళ్లలో 38 వేల కిలోమీటర్లు తిరిగాం. రోజూ నర్సీపట్నం దగ్గర జీడితోటకి, నెలకి రెండు మూడుసార్లు లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి, అప్పుడప్పుడు హైవే మీద అనకాపల్లి, విశాఖ. లాగుడు ఎలా ఉందని అడిగితే బాగుంది, అంతే. నేను రాయాలనుకున్నది మొదటి ఏడాదంతా ఏడిపించిన వైబ్రేషన్ గురించి. దానికి పెట్టిన డబ్బులో ఏది పనికొచ్చింది, ఏది దండగైంది అన్నది.

అప్పట్లో గంటకి 55 కిలోమీటర్లు దాటితే చాలు, అద్దంలో వెనక వచ్చే లారీ రెండు లారీలయ్యేది. అరికాళ్లు తిమ్మిరెక్కేవి. ఎవరిని అడిగినా "డీఐ ఇంజన్ అంటే అంతే సార్" అన్నారు. అందులో కొంత నిజం ఉంది. పాత ఇంజన్లో డీజిల్ ముందు చిన్న గదిలో మండి తర్వాత సిలిండర్లోకి వస్తుంది, డీఐలో నేరుగా పిస్టన్ మీదే మండుతుంది, కాబట్టి దెబ్బ గట్టిగానే ఉంటుంది. కానీ ఆ దెబ్బ ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, ఎక్కువ తెలియాలి. నాది 55, 65 మధ్య వచ్చేది. ఈ తేడా అప్పుడే పట్టించుకుని ఉంటే కొంత డబ్బు మిగిలేది.

పట్టించుకోలేదు. ముందుగా ఇంజన్ కూర్చునే రబ్బరు దిమ్మల (మౌంటింగుల) మీద పడ్డాను. ఇంజన్ బిగించినాయన లారీ టైరు ముక్కలు కోసి వేసిన మౌంటింగులు తీయించి, దొరికినవాటిలో మెత్తటి రబ్బరువి వేయించాను. ఐడిలింగ్‌లో స్టీరింగ్ నిమ్మళించింది, సంబరపడ్డాను. వారం తర్వాత ఘాట్ దిగుతుంటే ఇంజన్ ఊగి ఫ్యాన్ వెళ్లి రేడియేటర్ కవర్‌ని గీకింది. మూడో గేరు దానంతటదే బయటికొచ్చేసింది. ఘాట్ దిగేటప్పుడు గేరు ఊడితే ఎంత టెన్షనో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. 55 దగ్గర వణుకు మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు.

అప్పుడు బుద్ధొచ్చి బండిని పరీక్షించడం మొదలుపెట్టాను. ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వదిలేశాను. ఇంజన్ ఐడిలింగ్‌కి పడిపోయినా వణుకు అలాగే ఉంది. అంటే తిడుతున్నది ఇంజన్‌ని, తప్పు వేరేచోట. టాప్ గేరులో మాత్రమే చూస్తే ఇది దొరకదు. పాత నాలుగు గేర్ల బాక్సులో టాప్ డైరెక్ట్, ఇంజన్ ఎంత తిరిగితే వెనక చక్రాలకి తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టూ అంతే తిరుగుతుంది. ఆ షాఫ్ట్ తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్‌కి నా బండిలో 8 పళ్లు, అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్‌కి 43. 60లో చక్రం నిమిషానికి దాదాపు 440 చుట్లు తిరిగితే షాఫ్ట్ 2,300 పైచిలుకు తిరుగుతుంది. ఆ వేగంలో చిన్న వంకర కూడా పెద్దదే.

తర్వాత ముందు చక్రాల ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పక్కన పెట్టాను. నా బండికి ముందు చక్రాలని షాఫ్ట్ నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్‌లు లేవు, టూవీల్‌లో ఉన్నా ముందు చక్రాలు ఆ షాఫ్ట్‌ని తిప్పుతూనే ఉంటాయి. విప్పాక మూడోవంతు వణుకు పోయింది. షాఫ్ట్ చూస్తే రెండు చివర్ల యోక్‌లు, అంటే కీలుని పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు, ఒకే వరసలో లేవు. ఎప్పుడో గ్రీజుకి షాఫ్ట్‌ని రెండు ముక్కలుగా విప్పి మళ్లీ దూర్చేటప్పుడు ఒక పన్ను తప్పించి పెట్టారు. సరిచేయడానికి పైసా ఖర్చు కాలేదు. ఇప్పుడు విప్పే ముందు నేనే పెయింట్‌తో గుర్తు పెడతాను.

అసలు రోగం వెనక షాఫ్ట్‌లో ఉంది. షాఫ్ట్ చివర వంగుతూ తిరిగే కీలు, అంటే క్రాస్, ఒక కోణంలో తిరిగినప్పుడు షాఫ్ట్ ఒక్కో చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు నెమ్మదిస్తుంది. రెండో క్రాస్ దగ్గర కూడా అదే కోణం ఉంటే ఒకదాని తేడా ఇంకొకటి మింగేస్తుంది. లేకపోతే ఆ తేడా అంతా మన వెన్నుకే. కొత్త ఇంజన్ కింది ఆయిల్ తొట్టి (సంప్) ముందు చక్రాల యాక్సిల్‌కి తగులుతోందని ఇంజన్ ముందు భాగం ఎత్తి పెట్టారు, దాంతో గేర్ బాక్స్ తోక కిందికి వాలింది. పైగా ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య 20 మిల్లీమీటర్ల అడాప్టర్ ప్లేట్ వేయడంతో గేర్ బాక్స్ వెనక్కి జరిగి, అసలే పొట్టిగా ఉన్న షాఫ్ట్ ఇంకా పొట్టిదైంది. యాంగిల్ గేజ్ పెట్టి కొలిస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్ బాక్స్ వెనక ఉండి ముందు, వెనక షాఫ్టులకి తిరుగుడు పంచే పెట్టె) కిందికి 7 డిగ్రీలు, పినియన్ పైకి 2 డిగ్రీలు. అంటే రెండు క్రాస్‌ల కోణాలకీ 5 డిగ్రీల తేడా. ఒక డిగ్రీ లోపు ఉండాలి.

గేర్ బాక్స్ క్రాస్ మెంబర్ కింద ప్యాకింగ్ వేసి తోకని 5 డిగ్రీలకి ఎత్తాం. అంతకంటే ఎత్తితే ఫ్లోర్ తగులుతోంది. మిగతాది వెనక కమాన్ కట్టలకీ యాక్సిల్‌కీ మధ్య వాలు ప్లేట్లు పెట్టి పినియన్‌ని నాలుగున్నరకి తెచ్చాం. అర డిగ్రీ కావాలనే తక్కువ ఉంచాం, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కట్టలు మెలితిరిగి పినియన్ కాస్త పైకి లేస్తుంది. మొదటిసారి ప్లేట్లు తిరగేసి పెట్టి పినియన్‌ని ఇంకా కిందికి దించిన ఘనత నాదే. సెంటర్ బోల్టులు పొడుగువి వేయాలి, వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి.

ఆ సాయంత్రం 70లో వెళ్లినా అద్దంలో లారీ ఒక్కటే.

కానీ మూడో గేరు మాత్రం ఊడుతూనే ఉంది. మౌంటింగులు మధ్యరకం గట్టివి మార్చాక కూడా. క్లచ్ వదిలేటప్పుడు చిన్న వణుకు, గేర్ బాక్స్ ముందు బేరింగ్ నుంచి గురగుర. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్ద లేత్ మేస్త్రి గారు ఇంజన్ చివరి బరువైన చక్రం ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ కట్టి చేత్తో తిప్పి చూపించారు. ఫ్లైవీల్‌ని కప్పే బెల్ హౌసింగ్ రంధ్రం, ఇంజన్‌లో తిరిగే ఇరుసు క్రాంక్ ఒకే కేంద్రంలో లేవు, ముల్లు 0.45 మిల్లీమీటర్లు తిరిగింది. 0.12 దాటకూడదట. అడాప్టర్ ప్లేట్ ఒట్టి బోల్టుల మీదే ఉంది. "బాబూ, ప్లేటు పిన్నుల మీద నిలబడాలి. బోల్టు బిగించడానికే గానీ నిలబెట్టడానికి కాదు" అన్నారాయన. రంధ్రం మళ్లీ కోసి, డోవెల్ పిన్నులు దిగ్గొట్టి 0.10కి తెచ్చారు. ఫ్లైవీల్, క్లచ్ ప్రెషర్ ప్లేట్ కలిపే బ్యాలెన్స్ చేయించారు. 6,500 రూపాయలైంది. ఆ తర్వాత ఇప్పటిదాకా గేరు ఊడలేదు. మళ్లీ ఇంజన్ మారిస్తే నేను ముందుగా చూసేది ఇదే, మౌంటింగులు ఆఖర్న.

ఎక్కువకాలం వాడితేనే తెలిసేవి కూడా ఉన్నాయి. మొదట వేసిన అల్యూమినియం వాలు ప్లేట్లు ఏడాదికి పగిలాయి, ఒక వైపు యాక్సిల్ జరిగి బండి పక్కకి లాగడంతో బయటపడింది. ఇనపవి వేయించాక గొడవ లేదు. క్రాస్‌లకి వానాకాలంలో నెలకోసారి గ్రీజు కొట్టాల్సిందే, ఒకసారి బద్ధకించి ఒక క్రాస్ పోగొట్టుకున్నాను. తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి తిప్పితే వచ్చే బిగుసుడు, కుదుపు వేరే సంగతి. ముందు, వెనక చక్రాలని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేని బండి అది, దాన్ని వైబ్రేషన్ అనుకుని క్రాస్‌లు మార్చుకోకండి. ఇంకొకటి, ఇంజన్ మార్చే ముందే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నంబర్ మార్పించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి.

ఇప్పుడు మిగిలింది ఒకటే. ఇంజన్ నిమిషానికి 1,400 చుట్లు తిరిగే దగ్గర ఫోర్‌వీల్ లివర్ జీరుమంటుంది. దానికి పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టాను. ఎండాకాలంలో అది జారిపోతుంది, మళ్లీ చుడతాను.