డిస్కౌంట్ దుకాణం కారు పార్టులు: ఏవి కొనొచ్చు, ఏవి అక్కడే వదిలేయాలి

ఒకే కారుకి ముందు బ్రేక్ ప్యాడ్ల సెట్టు సాధారణంగా మూడు ధరల్లో దొరుకుతుంది. కారు కంపెనీ డబ్బాలో ఒకటి, ఆ కంపెనీకి సప్లై చేసే తయారీదారు సొంత డబ్బాలో ఒకటి, డిస్కౌంట్ దుకాణం తన పేరు వేసుకున్న డబ్బాలో ఒకటి. మొదటి రెండూ చాలాసార్లు ఒకే ఫ్యాక్టరీ సరుకు. కారు కంపెనీ లోగోని అరగదీసిన గుర్తు కూడా కొన్నిటి మీద కనిపిస్తుంది. మూడోదాని సంగతి వేరు. దుకాణం దాన్ని తయారు చేయదు, తక్కువకి ఇచ్చేవాళ్ల దగ్గర తెప్పించుకుని డబ్బాలో పెడుతుంది. ఈసారి ఒక ఫ్యాక్టరీ, వచ్చేసారి ఇంకో ఫ్యాక్టరీ. డబ్బా మీద పార్ట్ నంబరు మాత్రం మారదు. అందుకే "ఆ బ్రాండు రెండేళ్లు బాగా నడిచింది" అని ఎవరైనా చెప్పినా, ఇప్పుడు షెల్ఫులో ఉన్న డబ్బాకి ఆ మాట వర్తించకపోవచ్చు. చవక సరుకంతా నాసిరకమేమీ కాదు. దానికి నిలకడ లేదు, చిక్కంతా అక్కడే.

కాబట్టి ధర చూసే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఈ పార్టు చెప్పి పాడవుతుందా, చెప్పకుండా పాడవుతుందా? దీన్ని మార్చడానికి బండి ఎంత విప్పాలి? రెండు నిమిషాల్లో చేత్తో తీసేసే పార్టు వారానికే పోయినా నష్టం తక్కువ. ఇంజన్ ముందు భాగమంతా విప్పి బిగించే పార్టయితే, దాని ధర కన్నా కూలీయే ఎక్కువ.

వైపర్ బ్లేడ్లు, క్యాబిన్ ఫిల్టర్, డోర్ క్లిప్పులు, అద్దం గ్లాసు, మడ్ ఫ్లాపులు నిశ్చింతగా డిస్కౌంట్‌లో కొనండి. బల్బులు కూడా కొనొచ్చు గానీ, వాటేజీ కారు మాన్యువల్‌లో ఉన్నదే ఉండాలి. హెచ్4 బల్బుకి 60/55 వాట్లు రాసి ఉంటే అంతే. "ఎక్కువ వెలుగు" అంటూ 100 వాట్లది పెడితే ముందు హోల్డర్ కరుగుతుంది, తర్వాత వైరు.

ఫిల్టర్ల దగ్గర కాస్త ఆగాలి. ఆయిల్ ఫిల్టర్లన్నీ బయటికి ఒకేలా ఉంటాయి. నోటి చుట్టూ ఉన్న కంతల్లోంచి చూస్తే పల్చటి రబ్బరు పొర కనిపిస్తుంది. ఇంజన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపే వాల్వ్ అది. చవక ఫిల్టర్లలో అది ఎక్కువగా నైట్రైల్ రబ్బరు. వేడికి గట్టిపడి అంచు సరిగా కూర్చోదు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకలాడితే ముందు దీన్నే అనుమానించాలి. సిలికోన్ పొర చాలాకాలం మెత్తగా ఉంటుంది. అది తరచూ నారింజ రంగులోనో ఎరుపులోనో వస్తుంది గానీ, రబ్బరుకి ఏ రంగైనా కలపొచ్చు కాబట్టి రంగు ఒక్కటే చూసి నమ్మకండి. ఫిల్టర్ నోరు పైకి ఉండేలా బిగించే ఇంజన్లలో ఈ వాల్వ్‌కి పెద్దగా పని లేదు. అడ్డంగానో తలకిందులుగానో బిగించే వాటిలో మాత్రం భారమంతా దీని మీదే.

ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని పక్కదారిన పంపే బైపాస్ వాల్వ్ స్ప్రింగు బయటికి కనిపించదు. అది బలహీనంగా ఉంటే చల్లటి చిక్కటి ఆయిల్‌కే తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌ని ఇంజన్‌లోకి వదిలేస్తుంది. 5,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చేవాళ్లకి చవక ఫిల్టర్ ఫరవాలేదు. 15,000 దాకా లాగాలనుకుంటే వద్దు. ఎయిర్ ఫిల్టర్‌ని మాత్రం ఎవరైనా పరీక్షించొచ్చు. 1,000 కిలోమీటర్లు తిరిగాక పెట్టె తెరిచి, శుభ్రంగా ఉండాల్సిన వైపు తెల్ల గుడ్డతో తుడవండి. దుమ్ము అంటిందంటే అంచు రబ్బరు సీలు పట్టలేదన్నమాట, ఆ ఫిల్టర్ తీసి పారేయండి. ఆ దుమ్ము ముందు గాలి కొలిచే సెన్సార్ మీద, ఆపైన సిలిండర్ గోడల మీద పడుతుంది.

ఇక బ్రేకులు. ప్యాడ్ అంచు మీదో వెనక రేకు మీదో ఉండే కోడ్ చివర రెండు ఆంగ్ల అక్షరాలుంటాయి: ఈఈ (EE), ఎఫ్ఎఫ్ (FF), జీజీ (GG) లాంటివి. మొదటిది మామూలు వేడిలో రాపిడి, రెండోది బాగా వేడెక్కాక రాపిడి. రాపిడి గుణకం లెక్కలో E అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. పాత ప్యాడ్ ఎఫ్ఎఫ్ అయితే కొత్తది ఈఈ తేకండి, పెడల్ ఇంకా గట్టిగా తొక్కాల్సి వస్తుంది. కోడే లేని ప్యాడ్‌ని వెనక్కి ఇచ్చేయండి. అయితే ఈ అక్షరాలు అరుగుదల గురించి గానీ, కీచుమనే చప్పుడు గురించి గానీ ఏమీ చెప్పవు. ఐరోపా నిబంధన ఆర్90 ముద్ర (వృత్తంలో ఆంగ్ల అక్షరం E, పక్కన అంకె) ఉంటే ఇంకాస్త నమ్మకం. ఆ ప్యాడ్ పనితీరు ఒరిజినల్‌కి 15 శాతం అటూఇటూలోనే ఉండాలని ఆ నిబంధన చెబుతుంది.

తర్వాత ప్యాడ్‌ని పక్కనుంచి చూడండి. మసాలాకీ (డిస్క్‌ని పట్టే రాపిడి పొర) వెనక రేకుకీ మధ్య గోరు పట్టే సందు ఉండకూడదు. చవక ప్యాడ్లలో మసాలా జిగురు మీదే ఆధారపడి ఉంటుంది, రేకుకి పూత కూడా పల్చగా వేస్తారు. జిగురు కిందికి తుప్పు చేరి ఉబ్బితే మసాలా పెళ్లగా ఊడొస్తుంది. చెప్పకుండా పాడవడమంటే ఇదే. మంచివాటిలో రేకు మీద చిన్న కొక్కేలు లేపి మసాలాని పట్టి ఉంచుతారు.

రేకు చెవులు కాలిపర్ బ్రాకెట్‌లో వేలితో తోస్తే జారాలి. జారడం లేదని సుత్తితో కొట్టి దింపితే ప్యాడ్ వెనక్కి రాదు. ఒకవైపే అరుగుతుంది, డిస్క్ కాలుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. ఆకురాయితో అరగదీసి పెట్టేవాళ్లున్నారు, పూత పోయిన చోటే తుప్పు మొదలవుతుంది. ముందు బ్రాకెట్‌లో తుప్పు గీకి చూడండి, అప్పటికీ బిగుతుగా ఉంటే ఆ ప్యాడ్ కొలతే తప్పు. డబ్బాలో క్లిప్పులు, షిమ్ములు (ప్యాడ్ వెనక పెట్టే పల్చటి రేకులు) ఉన్నాయో లేదో దుకాణంలోనే చూసుకోండి. అవి లేకుండా అమ్మి, చప్పుడొస్తే ప్యాడ్ తప్పు కాదంటారు.

బిగించాక ప్యాడ్‌ని డిస్క్‌కి సెట్ చేయడం చాలామంది ఎగ్గొడతారు. ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, మధ్యస్థంగా తొక్కుతూ, ఎనిమిది నుంచి పదిసార్లు తగ్గించాలి. ప్రతిసారికీ మధ్య కొంచెం దూరం నడిపి చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు పూర్తిగా ఆపి పెడల్ మీద కాలు ఉంచకూడదు. చవక ప్యాడ్లకి ఇది మరీ అవసరం. ఖరీదైన వాటిలో పైపొరని ఫ్యాక్టరీలోనే కాల్చి పంపుతారు. వీటిలో ఆ పని జరగకపోతే మొదటి గట్టి బ్రేకుకి రెజిన్ నుంచి వాయువు పుట్టి పట్టు సడలుతుంది. కొత్త ప్యాడ్లతో మొదటి రోజే ఘాట్ రోడ్డెక్కకండి.

డిస్కుల విషయంలో మా అభిప్రాయం కాస్త మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే అది పోతపోసిన ఇనుమే. కొనేముందు పాతదాన్నీ కొత్తదాన్నీ తూకం వేసి చూడండి. రెండూ ఒకే కొలతలో ఉండి కొత్తది బాగా తేలికైతే లోపలి రెక్కలు తగ్గించారనో, పలకలు పల్చన చేశారనో అర్థం. అలాంటి డిస్క్ వేడిని నిలువ చేసుకోలేదు. కనీస మందం అంచు మీద అచ్చై ఉండాలి. హబ్ (డిస్క్, చక్రం బిగించే భాగం) మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, డిస్క్ మీది నూనెని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, నట్లతో బిగించి, డయల్ గేజితో ఊగిసలాట చూడాలి. చాలా కార్లకి 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల లోపు ఉండాలంటారు. కొన్ని వేల కిలోమీటర్లకి స్టీరింగ్ అదిరితే "డిస్క్ వంగింది" అనడం అలవాటు. నిజానికి మొదటి రోజే హబ్ మీద వదిలేసిన తుప్పు రేణువు డిస్క్‌ని కాస్త వాలుగా కూర్చోబెడుతుంది, అది ఒకచోట ఎక్కువ అరిగి మందం తేడా పడుతుంది. చవక డిస్క్‌ని తిట్టేముందు ఈ పని చేశారో లేదో కనుక్కోండి.

వీల్ బేరింగులు డిస్కౌంట్‌లో కొనడం దండగ. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) ఉన్న చాలా కార్లలో బేరింగు సీలులోనే అయస్కాంత వలయం ఉంటుంది. చవక వాటిలో ఆ అయస్కాంతం బలహీనంగా ఉంటే, బండి నిదానంగా వెళ్లేటప్పుడు సెన్సార్ సిగ్నల్ పోతుంది, ఏబీఎస్ లైటు వెలుగుతుంది. దాని కోసం సెన్సార్ మార్చి, వైరింగు వెతికి, చివరికి మళ్లీ బేరింగు దగ్గరికే వస్తారు. బిగించే ముందు పేపర్ క్లిప్ ఆనించి చూస్తే అంటుకునే వైపు తెలుస్తుంది, అది సెన్సార్ వైపు ఉండాలి. నకిల్‌లోకి (బేరింగు కూర్చునే లోహపు దిమ్మ) దింపేటప్పుడు ప్రెస్ బలం బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద నొక్కితే గోళీలు గాడిలో నొక్కు వేస్తాయి, వెయ్యి కిలోమీటర్లలో హోరు మొదలవుతుంది. యాక్సిల్ నట్టుని కంపెనీ చెప్పిన టార్కుకి (బిగింపు బలానికి) బిగించాకే చక్రాన్ని నేల మీద దించాలి.

లోయర్ ఆర్ములు (చక్రాన్ని బండికి కలిపే కింది చేతులు), బుష్‌లు (వాటి కీళ్లలోని రబ్బరు ముక్కలు) కూడా తరచూ నింద మోసేవే. చవక బుష్ రబ్బరు త్వరగా చీలుతుంది, నిజమే. కానీ ఆర్మ్ వేలాడుతుండగానే బోల్టు బిగించేస్తే ఎంత మంచి బుష్ అయినా మెలిపడి చిరుగుతుంది. బోల్టులు చేతి బిగువుకి పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి టార్కు ఇవ్వాలి. ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ ఊడితే చక్రమే పక్కకి పడిపోతుంది కాబట్టి దాని దగ్గర బేరం వద్దు.

సెన్సార్లలో చవకది పూర్తిగా చచ్చిపోతే సంతోషించాలి, కనీసం తెలుస్తుంది. గాలి కొలిచే సెన్సార్ పనిచేస్తూనే తప్పు లెక్క ఇస్తే మైలేజీ తగ్గుతుంది, పికప్ తగ్గుతుంది, ఎర్రర్ కోడు మాత్రం రాదు. స్కానర్ పెట్టి ఇంజన్ వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం సరిచేస్తోందో చెప్పే అంకె) చూడండి. పాతది ఉన్నప్పుడు 3, 4 శాతంలో ఉన్నది కొత్తది పెట్టగానే 10 శాతం దాటితే ఆ సెన్సార్ వాపసు ఇవ్వాల్సిందే. క్రాంక్ సెన్సార్, ఫ్యూయల్ పంపు నడిరోడ్డు మీద ఇంజన్ ఆపేసే రకం కాబట్టి తయారీదారు డబ్బాలోవే కొనండి. టైమింగ్ బెల్టు, టెన్షనర్, దాంతో తిరిగే వాటర్ పంపుకీ అదే మాట. పిస్టన్లు వాల్వులకి తగిలే రకం ఇంజన్ అయితే బెల్టు తెగినరోజు హెడ్డే విప్పాలి.

థర్మోస్టాట్‌ని (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వ్) మాత్రం వంటగదిలోనే తేల్చొచ్చు. నీళ్లగిన్నెలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి వేడి చేయండి. మీద 82 అని ఉంటే ఆ దరిదాపుల్లో తెరుచుకోవడం మొదలై, ఇంకో 10, 15 డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి, చల్లారితే బిగుసుకోవాలి. బిగించాక కన్నా బిగించకముందే తెలిస్తే కూలెంట్ వృథా కాదు.

రీకండిషన్ ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) తెస్తే ఇంజన్ నడుస్తుండగా లైట్లూ ఫ్యానూ వేసి బ్యాటరీ దగ్గర మీటర్ పెట్టండి. 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. (వోల్టేజీని కంప్యూటరే మార్చే కొత్త కార్లలో ఇది కిందికీ పైకీ పోతుంది.) తర్వాత మీటర్‌ని ఏసీ వోల్టులకి తిప్పండి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే డయోడ్ పోయినట్టే. బ్యాటరీ, బెల్టులు, హోసులు కొనేటప్పుడు తయారీ తేదీ చూడాలి. షెల్ఫులో ముసలైన సరుకు తగ్గింపు ధరకి రావడం మామూలే.

"జీవితకాల వారంటీ" అని డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. అది పార్టుకే, కూలీకి కాదు, వీల్ అలైన్‌మెంట్‌కి కాదు, పారబోసిన కూలెంట్‌కి కాదు. వాపసు ఇచ్చేది కూడా అదే డబ్బా, అదే నాణ్యత. కౌంటర్ దగ్గరే పాత పార్టు పక్కన పెట్టి బోల్టు కంతలు, స్ప్లైన్ పళ్ల లెక్క, కనెక్టర్ పిన్నులు పోల్చుకోండి. ఒకసారి గ్రీజు అంటాక చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. బిల్లు థర్మల్ కాగితం మీద ఇస్తారు, ఏడాది తిరిగేసరికి అక్షరాలు మాయమవుతాయి. దాన్నీ, డబ్బా మీది బ్యాచ్ నంబరునీ కొన్నరోజే ఫోటో తీసి పెట్టుకోండి.