కొండల్లో తొలి వసంతం: ఋతు అంచనా చూడాలా, మూడు రోజుల సూచనా?

రాబోయే కొన్ని నెలలకు కలిపి ఇచ్చే ఋతు అంచనా చెప్పేది మొగ్గు మాత్రమే. "సాధారణం కంటే వెచ్చగా ఉండే అవకాశం 45 శాతం" అంటే, మామూలుగా 33 శాతం ఉండేది (వెచ్చన, సాధారణం, చల్లన మూడింటికీ సమాన వాటా) కాస్త పెరిగిందని. అలా కాకపోయే అవకాశం ఇంకా 55 శాతం ఉంది! విత్తనం ఎంత సమకూర్చుకోవాలి, మంచు కరిగిన నీటికి చెరువులో ఎంత చోటుంచాలి వంటి వాటికి ఇది చాలు.

నారు నాటే తేదీ తేల్చేది మూడు రోజుల సూచనే. దాన్నీ ఉన్నదున్నట్టు తీసుకోకండి. ముందు అది ఏ ఎత్తుకు ఇచ్చిందో చూడండి. మీరు దానికంటే 500 మీటర్లు పైన ఉంటే పగటి వేడిలో సుమారు 3 డిగ్రీలు తీసేయాలి. రాత్రి ఈ లెక్క తరచూ తలకిందులవుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగితే, బరువైన చల్లగాలి వాలు మీదుగా జారి లోయ అడుగున నిలుస్తుంది. తెల్లవారేసరికి అక్కడ గడ్డిపరకల అంచులు తెల్లగా బిగుసుకుని ఉంటాయి, నడివాలులో ఆకు తడిసి ఉంటుందంతే. పైగా సూచనలోని ఉష్ణోగ్రత నేలకు దాదాపు 2 మీటర్ల ఎత్తుది, అలాంటి రాత్రి నేల మీద ఇంకా తక్కువ. అందుకే లోయలో ఉన్నవాళ్లు కనిష్ఠం 4 డిగ్రీలన్నా సరే, పొద్దుగూకే ముందే లేతమొక్కలను కప్పేయాలి.