పాత పికప్ డోర్ లాకులు: చాలా ఏళ్ళు వాడాక నా రివ్యూ

నా దగ్గరున్నది 70ల నాటి షెవర్లె సీ10 పికప్ ట్రక్కు, అంటే 1973 నుంచి 87 దాకా వచ్చిన ఆ చదరపు బాడీ తరం. దీని డోర్ లాకుల గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉంది, ఎందుకంటే ఈ బళ్ళ గురించి రాసేవాళ్ళంతా ఇంజను, కార్బ్యురేటర్, పెయింటు దగ్గరే ఆగిపోతారు, రోజూ మన చెయ్యి పడేది మాత్రం డోర్ హ్యాండిల్ మీదే కదా. ముందే చెప్పేస్తున్నా, నాకు ఈ లాకులు బాగా నచ్చాయి. దొంగల్ని ఆపుతాయని కాదు, ఆ విషయంలో ఇవి అంతంతమాత్రమే. ఏళ్ళకి ఏళ్ళు నడుస్తాయి, చెడితే మనమే విప్పి చూసుకోవచ్చు, అందుకు. ఇంకో మాట, "లాక్ పోయింది" అని జనం చెప్పేవాటిలో చాలామటుకు లాక్ బాగానే ఉంటుంది, పోయింది ఇంకేదో అయ్యుంటుంది.

డోర్ లోపల ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం కాస్త చెప్తా. వెనక అంచులో లాచ్ ఉంటుంది, అసలు పనంతా దానిదే. డోర్ వేసినప్పుడు బాడీ పిల్లర్ మీదున్న స్ట్రైకర్ బోల్ట్ ఆ లాచ్ నోట్లోకి దూరి లోపలి ఫోర్క్‌ని తిప్పుతుంది, ఫోర్క్ తిరిగి బోల్ట్‌ని చుట్టి పట్టుకుంటుంది, వెంటనే స్ప్రింగ్ ఉన్న ఒక చిన్న పన్ను వచ్చి ఫోర్క్ వెనక్కి తిరగకుండా అడ్డం పడుతుంది. హ్యాండిల్ చేసేదల్లా ఆ పన్నుని పక్కకి తప్పించడం, అంతే. మరి లాక్ ఏం చేస్తుందయ్యా అంటే, హ్యాండిల్ కదలిక ఆ పన్ను దాకా పోకుండా చేస్తుంది. కొన్ని బళ్ళలో లాక్ వేశాక హ్యాండిల్ బటన్ నొక్కినా ఉత్తినే లోపలికి పోతుంది, కొన్నిట్లో బటనే కదలదు. ఏదైనా సరే డోర్‌ని పట్టుకుని ఉంచేది లాచ్, లాక్ కాదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సగం రిపేర్లు తేలికైపోతాయి.

తాళంచెవి తిప్పినా, కిటికీ అంచున ఉన్న నాబ్ నొక్కినా కదిలేది లాచ్ మీదున్న ఒకే లాకింగ్ లివర్. అందుకే కీ తిప్పితే నాబ్ పైకి లేస్తుంది. మధ్యలో అంతా సన్న ఇనప రాడ్లు, వాటి చివర్లని పట్టుకునేవి నైలాన్ క్లిప్పులు. అసలు బలహీనత అక్కడే ఉంది. ఇనుముకి ఏమీ కాదు, ఆ వేలెడు కూడా లేని ప్లాస్టిక్ ముక్క ఎండకి చలికి పెళుసెక్కి ఒకరోజు టప్పుమంటుంది, రాడ్ జారిపోయి డోర్ లోపల వేలాడుతుంది, బయట మనం కీ తిప్పుతుంటే ఏ బరువూ తగలకుండా వదులుగా తిరుగుతుంది, ఇంకేముంది సిలిండర్ (కీ దూరే గుండ్రటి ముక్క) పోయిందని కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. నా బండిలోనూ ఇదే అయింది, ప్యానెల్ విప్పితే క్లిప్ రెండు ముక్కలై డోర్ అడుగున పడుంది. కీ బరువు లేకుండా తిరుగుతుంటే క్లిప్ చూడండి, కీ అసలు తిరగకపోతే అప్పుడు సిలిండర్ని అనుమానించండి.

సిలిండర్ సంగతి. షెవర్లె తయారుచేసే జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ళు 1935 నుంచీ సైడ్‌బార్ రకం వాడారు. లోపల ఆరు పల్చటి రేకులు, వేఫర్లు అంటారు, ఒక్కోదానికి పక్కన వీ ఆకారంలో గాడి. సరైన కీ పెడితే ఆరు గాళ్ళూ ఒకే వరసలోకి వస్తాయి, పక్కనున్న బార్ ఆ వరసలోకి దిగుతుంది, అప్పుడే కీ దూరిన లోపలి ముక్క, అంటే ప్లగ్, తిరుగుతుంది. అదే కాలం ఫోర్డ్ ట్రక్కుల్లో అయితే పిన్నుల రకం. నా తరం బండికి కీలు రెండు, చదరం తల ఉన్నది ఇగ్నిషన్‌కి, గుండ్రటి తల ఉన్నది డోర్లకి, చీకట్లో కూడా తడిమి కనుక్కోవచ్చు. ఈ చిన్న సౌకర్యం నాకెంత ఇష్టమో చెప్పలేను.

అరిగిన కీతో మాత్రం జాగ్రత్త. పాత కీని చూసి డూప్లికేట్ కోయిస్తే ఆ అరుగుదల కూడా కొత్త కీలోకి వచ్చేస్తుంది, దాని మీద ఇంకో డూప్లికేట్ తీస్తే ఇంకా ఘోరం, చివరికి కొంచెం పైకి లాగి ఊపుతూ తిప్పితే గాని తిరగని పరిస్థితి వస్తుంది. కోడ్ ప్రకారం కోయించుకోవడం ఒక్కటే దారి. ఆ కోడ్ ఒరిజినల్ కీ తలలోంచి ఊడొచ్చే చిన్న బిళ్ళ మీద ఉండేది, అది ఈపాటికి ఎవరి దగ్గరా ఉండదనుకోండి, కానీ తాళాలు తెలిసినవాడు సిలిండర్ విప్పి వేఫర్లు చూసి అసలు కోతలు ఎంత లోతో చెప్పగలడు.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టే సంగతి, డోర్ కిందికి జారడం. ఈ బళ్ళ డోర్లు బరువు, హింజ్ పిన్నులూ వాటి బుషింగులూ అరిగిపోతాయి, అప్పుడు వెనక అంచు కాస్త కిందికి దిగుతుంది, లాచ్ నోరు స్ట్రైకర్‌కి సూటిగా రాదు. మనిషి ఏం చేస్తాడు, గట్టిగా వేస్తాడు. గట్టిగా వేసినకొద్దీ లాచ్ ఇంకా అరుగుతుంది, లోపల ఫోర్క్ పూర్తిగా తిరగక నాబ్ కూడా బరువుగా నొక్కాల్సొస్తుంది, మళ్ళీ నింద లాక్ మీదకే. చెక్ చేయడం తేలికే, డోర్ కొంచెం తెరిచి వెనక అంచు కింద చెయ్యి పెట్టి పైకెత్తండి, కదిలిందంటే హింజ్ పని పడినట్టే. హింజ్ సంగతి చూడకుండా స్ట్రైకర్ని కిందికి జరిపి సర్దేసేవాళ్ళున్నారు, అది తలనొప్పికి టోపీ మార్చినట్టు. హింజ్ బాగయ్యాక అప్పుడు స్ట్రైకర్ లూజు చేసి జరపండి, పిల్లర్ లోపల నట్ ప్లేటుకి కాస్త ఆట ఉంటుంది కాబట్టి పైకీ కిందికీ లోపలికీ బయటికీ అన్నిటికీ జరుగుతుంది.

డోర్ వేసేటప్పుడు చెవి పెట్టండి, రెండు క్లిక్కులు వినపడాలి. మొదటిది సేఫ్టీ స్థానం, రెండోది పూర్తిగా పడ్డట్టు. అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ 206 ప్రకారం పూర్తిగా పడ్డ లాచ్ బండి పొడవు వెంబడి 2,500 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి, సేఫ్టీ స్థానంలో 1,000 తట్టుకుంటే చాలు. తేడా చూశారుగా, సగం పడ్డ డోర్‌తో ఎందుకు తిరగకూడదో. అంతకుముందు తరం బళ్ళలో గుద్దుకున్నప్పుడు డోర్లు ఊడి తెరుచుకుని మనుషులు బయటికి ఎగిరిపడేవారు, 1956 లో ఫోర్డ్ తన కార్లకీ ఎఫ్100 పికప్‌కీ డబుల్ గ్రిప్ లాచ్‌లు పెట్టింది అందుకే. ఇంకా పాత ట్రక్కులున్నవాళ్ళు చాలామంది ఇప్పుడు బేర్ క్లా లాచ్‌లకి, అంటే స్ట్రైకర్‌ని గోళ్ళలా చుట్టి పట్టే కొత్త రకానికి, మారుస్తున్నారు, ఒరిజినాలిటీ పోతుందని గొణిగేవాళ్ళు గొణుగుతారు గానీ నా ఓటు మార్చడానికే.

గ్రీజు మాట. ఫ్యాక్టరీ గ్రీజు ఇన్నేళ్ళకి మైనంలా గట్టిపడుంటుంది, దాని మీద కొత్త గ్రీజు పూస్తే లాభం లేదు. ముందు సాల్వెంట్ కొట్టి మొత్తం కడగాలి, ఆరాక లాచ్‌కి తెల్ల లిథియం గ్రీజు, సిలిండర్‌కి మాత్రం పొడి గ్రాఫైట్ లేదా పొడిగా ఆరే టెఫ్లాన్ స్ప్రే. గ్రాఫైట్ వేసిన సిలిండర్లో నూనె పొయ్యొద్దు, రెండూ కలిసి ముద్దైపోతాయి. ఇంకా డోర్ అడుగున ఉన్న నీళ్ళ రంధ్రాలు పొడిచి చూడండి, వాన నీళ్ళు అద్దం పక్కనుంచి లోపలికి దిగడం మామూలే, డిజైనే అది, రంధ్రాలు మూసుకుపోతే ఆ తేమకి రాడ్లూ లాచూ అన్నీ తుప్పు పడతాయి.

భద్రత గురించి ఆశలు పెట్టుకోవద్దు. అద్దం పక్కనుంచి సన్న రేకు దింపి రాడ్ లాగితే చాలు తెరుచుకుంటుంది, తల వెడల్పుగా ఉన్న పాత నాబ్ అయితే వైరు ఉచ్చుకి కూడా దొరుకుతుంది, అందుకే నేను పైకి సన్నబడే నాబ్ వేశాను. చిన్న త్రికోణం కిటికీ గొళ్ళెం ఇంకా సుళువు. పవర్ లాక్ కిట్లు పెట్టుకుంటామంటే పెట్టుకోండి, కానీ రాడ్లు చేత్తో తేలిగ్గా కదలని డోర్‌కి మోటార్ పెడితే అది మూలుగుతూ సగంలో ఆగిపోతుంది.

చివరగా కొత్త సిలిండర్ కొనేవాళ్ళకి. రెండు డోర్లకీ ఒకే కీతో జతగా దొరుకుతాయి, అవి తీసుకోండి. నేను తెప్పించిన సెట్లో వెనకాల రాడ్ తగిలించే చిన్న లివర్ ఒరిజినల్ కంటే తేడాగా ఉంది, పెట్టేస్తే నాబ్ సగమే లేచింది. పాత సిలిండర్ లివర్ ఊడదీసి కొత్తదానికి మార్చా, సరిపోయింది. కాబట్టి కొత్తది పూర్తిగా పనిచేసేదాకా పాతది పారేయకండి, ప్యానెల్ బిగించే ముందు అద్దం పైకీ కిందికీ ఒకసారి తిప్పి ఏ రాడ్‌కీ తగలట్లేదని చూసుకోండి, డోర్ తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో ఫోర్క్ తిప్పి కీ, నాబ్, రెండు హ్యాండిళ్ళూ అన్నీ పరీక్షించండి. మూశాక ఏదైనా రాడ్ జారిందని తెలిస్తే మూసి ఉన్న డోర్‌కి ప్యానెల్ విప్పడం నరకం, సగం స్క్రూలకి చెయ్యి కూడా పట్టదు.