ఆర్‌ఎక్స్ 100కి చిన్న జెట్: మైలేజీ వచ్చింది, పిస్టన్ పోయింది

మైలేజీ కోసం మా యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి కార్బొరేటర్లో మెయిన్ జెట్, అంటే పెట్రోలు దూరే బెజ్జమున్న ముక్క, చిన్నది వేయించా. లీటరుకు 35 దాటని బండి 42 ఇచ్చింది, అబద్ధమెందుకు. అప్పట్లో అడిగినోళ్లందరికీ వేయించుకోమనే చెప్పా. ఇప్పుడు మాత్రం ముందు ఒకటడుగుతున్నా: మీ బండికి ఇంజనుకు విడిగా ఆయిల్ అందించే పంపు ఉందా, పీకేశారా?

నెల్లూరులో నేను చూసిన ఆర్‌ఎక్స్‌లలో చాలావాటికి పంపు లేదు. ఎప్పుడో పాడైతే తీసి పక్కన పడేసి, 2టీ ఆయిల్ (టూస్ట్రోక్ ఇంజన్లో పోసే ఆయిల్) పెట్రోల్లోనే కలుపుకోమంటారు. నాదీ అంతే. అలాంటి బండికి జెట్ చిన్నదైతే పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గిపోద్ది. ఒకపక్క ఇంజను వేడెక్కుద్ది, ఇంకోపక్క పిస్టనుకు తడి చాలదు. జెట్ వేసినాయన ఈ ముక్క చెప్పలేదు. నాకు మంట అక్కడే.

రోహిణీ కార్తెలో కావలి నుంచి వస్తున్నా. దక్షిణపు గాలి ఎదురు కొడతా ఉంది, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పితే గానీ బండి లాగట్లా. కొడవలూరు దాటాక ఇంజను శబ్దం పొడిగా మారింది. ఏందబ్బా అనుకునేలోపే వెనక చక్రం కర్రుమని పట్టేసింది. క్లచ్ నొక్కబట్టి సరిపోయింది, వెనకాలే లారీ. సిలిండర్ మీద పోద్దామని నీళ్ల బాటిల్ తీస్తే, పక్కన ముంజలమ్మే పెద్దాయన "పొయ్యబాకబ్బయా, పగులుద్ది" అన్నాడు. చల్లారాక కిక్కయితే దిగింది. ప్లగ్గు తీస్తే మొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, పెట్రోలు చాలక వేడెక్కిందని అర్థం. షెడ్డులో విప్పితే పిస్టన్ మీద సైలెన్సర్ వైపు నిలువు గీతలు. సిలిండర్ బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టన్ వేయించా. పెట్రోల్లో మిగిలిందంతా అందులోకే పోయింది.

ఇప్పుడు పాత జెట్టే ఉంది. కార్బొరేటర్లో ఎక్సలేటర్‌తో పాటు లేచే సూది ఉంటది, నీడిల్ అంటారు; దాని క్లిప్పు మాత్రం ఒక గాడి పైకి మార్పించా. నీడిల్ కిందికి దిగుద్ది కాబట్టి సగం ఎక్సలేటర్లో పెట్రోలు తగ్గుద్ది. ఫుల్లుగా తిప్పితే మెయిన్ జెట్ ఇవ్వాల్సింది ఇస్తది. 38 దాకా వస్తోంది, ప్లగ్గు కాఫీపొడి రంగుకొచ్చింది. అదే రోజు ఎయిర్ ఫిల్టర్ కడిగించి, పట్టేస్తున్న వెనక బ్రేకు వదులు చేయించా. అందువల్ల ఆ మూడు కిలోమీటర్లూ క్లిప్పు పుణ్యమేనని ఒట్టేసి చెప్పలేను. మైలేజీ పెరుగుద్దని పెట్రోల్ పైపుకు కట్టే అయస్కాంతాల ఊసు మాత్రం ఎత్తబాకండి.

నేను తరచూ హైవే ఎక్కేవాణ్ణి. పంపు పనిచేస్తా, ఊళ్లోనే ట్రంకు రోడ్డుకీ పెద్ద బజారుకీ మధ్య తిరిగే బండయితే చిన్న జెట్‌తో నడిచిపోద్దేమో. నా బండికైతే చలికాలంలో కూడా వేయించను.