హాలోవీనా, క్రిస్మసా, వాలెంటైన్సా, ఈస్టరా: క్లియరెన్స్ చాక్లెట్ ఎప్పుడు కొంటే మేలు?

అమెరికాలో ఉన్న మన వాళ్ళకి చాక్లెట్ ఖర్చు రెండు రకాలు, ఇంట్లో పిల్లలకి కొనేది ఒకటి, ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేస్‌లో పెట్టేది ఇంకోటి. ఈ రెండోదే ఎక్కువ, ఎందుకంటే పెదనాన్న గారి ఇల్లు, మేనత్త వాళ్ళిల్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు, అన్నయ్య పిల్లల క్లాసు మొత్తం, ఇలా లెక్క వేసుకుంటూ పోతే ఒక పెట్టెలో సగం చాక్లెట్లే అయిపోతాయి. అందుకే పండగ అయిపోయిన మర్నాడు టార్గెట్‌లోనో వాల్‌గ్రీన్స్‌లోనో సీవీఎస్‌లోనో సగం రేటు స్టిక్కర్ కనపడగానే బండి నింపేస్తుంటాం. కానీ నాలుగు పండగల క్లియరెన్సూ ఒకటి కాదు, దేనికి ఏది పనికొస్తుందో చూసుకుని కొంటేనే డబ్బులు నిజంగా మిగుల్తాయి, లేకపోతే కాస్ట్‌కోలో మామూలు రోజు పెద్ద బ్యాగు కొనుక్కోవడమే నయం.

ముందు నా ఓటు చెప్పేస్తా, ఇండియా ప్రయాణానికి హాలోవీన్‌ని మించింది లేదు. అక్టోబర్ 31 రాత్రితో పండగ అయిపోద్ది, నవంబర్ 1 పొద్దున్నే రేట్లు పడిపోతాయి, మనం డిసెంబర్ సెలవలకి బయల్దేరతాం, అంటే మధ్యలో నెలా నెలన్నర దాచుకుంటే చాలు, అదీ చలి మొదలయ్యాక. అక్కడ దిగేసరికి హైదరాబాద్‌లో, విజయవాడలో కూడా చల్లగానే ఉంటుంది కాబట్టి ఎయిర్‌పోర్ట్ నుంచి ఊరికి కారులో ఐదారు గంటలు పట్టినా కరగవు. పైగా హాలోవీన్ సరుకంతా చిన్న చిన్న ముక్కలు, దేనికదే విడిగా చుట్టి ఉంటుంది, గుప్పెడు తీసి పంచేయొచ్చు. చాలా బ్యాగుల్లో బయట కవర్ మీదే గుమ్మడికాయ బొమ్మ ఉంటుంది, లోపల రేపర్లు ఎప్పుడూ ఉండేవే, కవర్ తీసేసి జిప్‌లాక్‌లో పోసుకుంటే పండగ సరుకని కూడా తెలీదు. ఒకటే ఇబ్బంది, ఇది అన్నిటికంటే తొందరగా ఖాళీ అయిపోద్ది, 70 శాతం తగ్గేదాకా ఆగుదాం అనుకుంటే క్యాండీ కార్న్, లాలీపాప్‌లే మిగుల్తాయి.

మిక్స్‌డ్ బ్యాగు కొనేటప్పుడు శాకాహారుల ఇళ్ళకి ఇచ్చేవి మాత్రం దయచేసి విడిగా ఏరండి. ఇక్కడ అమ్మే స్నికర్స్, మిల్కీవే, త్రీ మస్కటీర్స్ మూడింట్లోనూ గుడ్డు తెల్లసొన ఉంటుంది, ఇండియా ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ చుక్క ఇక్కడి వాటి మీద ఉండదు కాబట్టి అవతలివాళ్ళకి చూడగానే తెలిసే దారే లేదు. క్యాండీ కార్న్, స్టార్‌బర్స్ట్, మార్ష్‌మెల్లో పెట్టిన శాంటాలు, మార్ష్‌మెల్లో పెట్టిన ఈస్టర్ గుడ్లు, వీటిల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. పెద్దమ్మ కార్తీకమాసం నోములు పట్టే మనిషి అయితే ఆవిడకి మనం చెప్పకుండా ఇవ్వడం చాలా తప్పు, నేనైతే ఇంగ్రీడియెంట్స్ చదవకుండా ఒక్కటీ పెట్టెలో పెట్టను.

తర్వాత ఈస్టర్. ఎండాకాలం సెలవలకి ఇండియా వెళ్ళేవాళ్ళకి టైమ్ ప్రకారం ఇదే సరిపోద్ది, కానీ హాలోవీన్ అంత సుఖం కాదు. తేదీ ఏటా మారుద్ది, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. తొందరగా వస్తే జూన్ దాకా దాచాలి, ఆలస్యంగా వస్తే టెక్సాస్ లాంటి చోట అప్పటికే కారు లోపల వేడెక్కిపోద్ది. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుద్ది, జూన్ మొదట్లో మన ఊళ్ళల్లో 40 దాటడం మామూలే కదా, విమానం హోల్డ్‌లో ఏమీ కాదు గానీ దిగాకే సమస్య. ఇంకోటి, ఈస్టర్ చాక్లెట్ కుందేళ్ళు చాలావరకు లోపల బోలుగా ఉంటాయి, డబ్బా పెద్దది, బరువు తక్కువ, దార్లోనే పగిలిపోతాయి. మరి ఈస్టర్‌లో ఏం కొనాలంటే క్యాడ్బరీ మినీ ఎగ్స్, పైన గట్టి చక్కెర పెంకు ఉంటుంది కాబట్టి వేడికి కాస్త తట్టుకుంటాయి, పైగా ఇవి ఇక్కడ ఎక్కువగా ఆ సీజన్లోనే దొరుకుతాయి. క్రీమ్ ఎగ్ మాత్రం తీసుకెళ్ళొద్దు, లోపల జిగురు పాకం, అందులోనూ తెల్లసొన ఉంటుంది.

క్రిస్మస్ సరుకు ఇంట్లో తినడానికి మేలు. డిసెంబర్ 26న మొదలయ్యే తగ్గింపు జనవరి మొదటి వారానికి ఇంకా కిందకి దిగుద్ది, సరుకు కూడా కొండంత మిగులుద్ది కాబట్టి హాలోవీన్ లాగా పరిగెత్తక్కర్లేదు. ఎరుపు ఆకుపచ్చ ఎం అండ్ ఎమ్స్, అవే రంగు కాగితాల్లో కిసెస్, ఇవన్నీ లోపల మామూలువే, పిల్లల పుట్టినరోజు గుడీ బ్యాగ్‌లకి, ఆఫీసులో టేబుల్ మీద పెట్టడానికి ఏప్రిల్ దాకా వస్తాయి. ఫెరెరో రోషర్, లింట్ లాంటి కాస్త ఖరీదైనవి సగం రేటుకి దొరికేది కూడా ఎక్కువగా అప్పుడే. పెప్పర్‌మింట్ బార్క్ (పుదీనా మిఠాయి ముక్కలు చల్లిన చాక్లెట్ పలక) మాత్రం ఇష్టం ఉంటేనే కొనండి, అందులో వైట్ చాక్లెట్ ఉంటుంది, అది డార్క్ అంత కాలం ఆగదు, తొందరగా వాసన మారిపోద్ది.

వాలెంటైన్స్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫిబ్రవరి 15న గుండె ఆకారం డబ్బాలు సగం రేటుకి ఇచ్చినా ఔన్సు లెక్క చూస్తే మామూలు బ్యాగు కంటే ఎక్కువే పడుద్ది, మనం డబ్బు కట్టేది అట్టకీ రిబ్బన్‌కీ.

ఈ ఔన్సు లెక్క అన్నిటికీ వెయ్యాలి. ఉదాహరణకి 10 ఔన్సుల పండగ బ్యాగు 5 డాలర్లు, సగానికి 2.50 అయితే ఔన్సు 25 సెంట్లు. అదే పెద్ద స్టోర్‌లో 60 ఔన్సుల మామూలు బ్యాగు 21 డాలర్లు అనుకుంటే ఔన్సు 35 సెంట్లు. తేడా ఉంది, కానీ 30 శాతం తగ్గింపు దగ్గరే కొనేస్తే అదే పండగ బ్యాగు ఔన్సు 35 సెంట్లు, అంటే ఏమీ మిగల్లేదు, తేదీ దగ్గర పడిన సరుకు తెచ్చుకున్నట్టు. కాబట్టి 50 శాతం లోపు అయితే నేను ముట్టుకోను.

ఇప్పుడు ఇంకో విషయం కూడా చూడాలి. ఐవరీ కోస్ట్, ఘనాల్లో వాతావరణం, తెగుళ్ళ వల్ల పంట దెబ్బతిని 2024 డిసెంబర్‌లో కోకో టన్ను 12,000 డాలర్లు దాటింది, అంతకు రెండేళ్ళ ముందు 2,500 దగ్గర ఉండేది. తర్వాత దిగింది గానీ కోకో ఖర్చు తగ్గించుకోవాలంటే కంపెనీలకి ఉన్న ఒక దారి కోకో బటర్ బదులు వేరే నూనెలు కలపడం. అలా చేస్తే ఇక్కడి రూల్ ప్రకారం దాన్ని మిల్క్ చాక్లెట్ అని రాయకూడదు, అందుకని ‘చాకొలెటీ’ అనో ‘చాక్లెట్ ఫ్లేవర్డ్’ అనో చిన్నక్షరాల్లో ఉంటుంది. పండగ బొమ్మల ఆకారాల్లో ఇలాంటివి ఎక్కువ కనపడుతున్నాయి, బొమ్మ బాగుందని కాకుండా వెనక్కి తిప్పి ‘మిల్క్ చాక్లెట్’ అని ఉందో లేదో చూడండి, లేకపోతే 90 శాతం తగ్గించినా వద్దు.

దాచే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఏడాది పొడుగునా పండగ చాక్లెట్ తినాలంటే ఇదే ముఖ్యం. 15 నుంచి 18 డిగ్రీలు, తేమ లేని చోటు, వెలుతురు పడకుండా. డార్క్ అయితే రెండేళ్ళదాకా, మిల్క్ సుమారు ఏడాది, వేరుశెనగ, బాదం ఉన్నవి ఇంకా ముందే అవగొట్టాలి, నూనె కనరు వాసన వచ్చేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే గాలి చొరని డబ్బాలో పెట్టండి, తీశాక డబ్బా మూత వెంటనే తియ్యకుండా మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే పైన నీరు పట్టి ఆరాక చక్కెర తెల్లగా తేలుద్ది. కరిగి మళ్ళీ గట్టిపడినా తెల్ల చారలు వస్తాయి, అది కోకో బటర్ పైకి రావడం, బూజు కాదు, తినొచ్చు, కాకపోతే ఎవరికైనా ఇవ్వడానికి బాగోదు, ఇంట్లో పాలల్లో వేసి కరిగించుకోండి.

ఆఫర్ కోసం ఆగకుండా పూర్తి రేటు పెట్టి కొనాల్సింది ఒక్కటుంది, రీసెస్ ఆకారాలు, అంటే లోపల పీనట్ బటర్ ఉండే రీసెస్ చాక్లెట్ కప్పులనే పండగ బొమ్మల్లా చేసినవి (వీటికీ వెనక్కి తిప్పి ‘మిల్క్ చాక్లెట్’ అని ఉందో లేదో చూసుకోండి). ఫిబ్రవరికి గుండెలు, తర్వాత గుడ్లు, అక్టోబర్‌లో గుమ్మడికాయలు, డిసెంబర్‌లో చెట్లు, మామూలు కప్పుకి ఉండే మందం అంచు వీటికి ఉండదు, పీనట్ బటర్ వంతు ఎక్కువ, మా పిల్లలైతే కప్పు ఇస్తే తినరు. మర్నాటికి మిగుల్తాయన్న నమ్మకం లేదు కాబట్టి పండగ వారం ముందే రెండు ప్యాకెట్లు తీసి పెట్టుకోవడం మంచిది, ఎక్కువ వద్దు. ఎండాకాలంలో ఈ ఆకారాలు దొరకడం కష్టం, అప్పుడు కాస్ట్‌కో బ్యాగే.